రష్యన్ పత్రికల చరిత్ర తెలుసుకోవాలంటే జ్ఞాపకాల పుస్తకాల్ని నమ్మొచ్చా?

మీరడిగింది మళ్ళీ ఒకసారి చెప్పుకుందాం. 1905 నుంచి సోవియట్ యూనియన్ కూలేదాకా రష్యాలో పత్రికలు లోపల్నుంచి ఎలా నడిచాయో తెలుసుకోవాలని ఉంది, దొరికేవన్నీ సంపాదకులూ విలేఖరులూ రాసుకున్న జ్ఞాపకాలే, అవన్నీ సొంత డబ్బా కదా, దానికన్నా ఆనాటి పత్రికల ఫైళ్ళు తిరగేస్తే సరిపోదా అని. దాంతోపాటు చిన్న ప్రశ్న ఇంకోటి, తాతగారింట్లో అటక మీదున్న 'సోవియట్ భూమి' (సోవియట్ వాళ్ళు తెలుగులో వేసిన పత్రిక) కట్టలు దేనికైనా పనికొస్తాయా అని. దానికి చివర్లో వస్తాను.

నేను ముప్పై ఏళ్ళకి పైగా ఒక తెలుగు దినపత్రిక డెస్కులో పనిచేశాను. రష్యన్ కుర్రతనంలోనే నేర్చుకున్నాను, రిటైరయ్యాక చదివేది చాలావరకు ఇవే పుస్తకాలు. కాబట్టి ఇది ప్రొఫెసరు జవాబు కాదు, డెస్కు మనిషి జవాబు, అలాగే తీసుకోండి.

ముందు ఒక మనిషి కథ. నికొలాయ్ సుఖానోవ్. 1917లో పెట్రోగ్రాడ్‌లో గోర్కీ నడిపిన 'నోవయా జీజ్న్' పత్రికలో ముఖ్యుల్లో ఒకడు, జార్‌ని దించిన ఫిబ్రవరి విప్లవం రోజుల్లో సోవియట్, అంటే కార్మికుల, సైనికుల మండలి, కార్యవర్గంలో కూర్చున్నవాడు, ఊళ్ళో ఎవరు ఎవరితో మంతనాలాడుతున్నారో అందరికంటే ముందు తెలిసే మనిషి. పాత క్యాలెండరు ప్రకారం అక్టోబరు 10 రాత్రి లెనిన్ పార్టీ అయిన బోల్షెవిక్కుల కేంద్ర కమిటీ రహస్యంగా కూడి, సాయుధ తిరుగుబాటు చెయ్యాలని 10-2 ఓట్లతో తీర్మానించింది. అది జరిగింది ఎక్కడో కాదు, ఈ సుఖానోవ్ గారి సొంత ఫ్లాట్‌లోనే. ఆయన భార్య గలీనా బోల్షెవిక్. ఆఫీసు నుంచి ఇల్లు చాలా దూరం, ఇవాళ పనయ్యాక అంత దూరం పడి రావడం ఎందుకు, అక్కడే ఎక్కడైనా పడుకోండి అని ఆవిడ ఎంతో శ్రద్ధగా సలహా ఇచ్చింది. ఈయన సరేనన్నాడు. లెనిన్ గడ్డం తీసేసి విగ్గు పెట్టుకుని ఆ ఇంటికొచ్చాడు, తెల్లవారుజాము దాకా మాటలు నడిచాయి, మధ్యలో టీ, రొట్టె, సాసేజీ. ఇరవయ్యో శతాబ్దంలో అతిపెద్ద వార్తల్లో ఒకటి ఒక పత్రికాయన ఇంట్లో తయారవుతోంది, ఆ పత్రికాయన వేరేచోట నిద్రపోతున్నాడు.

ఇదంతా మనకి ఎవరు చెప్పారు? సుఖానోవే. చరిత్ర తనతో ఎంత పరిహాసమాడిందో చూడండి అని ఆయనే నవ్వుకుంటూ రాశాడు. దాచుకుంటే అడిగేవాడు లేడు. ఆ తర్వాత ఎనిమిది రోజులకి, అంటే అక్టోబరు 18న, అదే నోవయా జీజ్న్‌లో తిరుగుబాటు వద్దంటూ కామెనెవ్ ప్రకటన అచ్చయింది, లెనిన్ మండిపడి, ఆ రాత్రి వద్దని ఓటేసిన ఇద్దరు, కామెనెవ్‌నీ జినోవియెవ్‌నీ సమ్మె విచ్ఛిన్నకులని తిట్టి పార్టీ నుంచి తరిమెయ్యమన్నాడు. మీరు చెప్పినట్టు ఫైలు మాత్రమే తిరగేస్తే 18వ తారీకు పేజీ కనపడుతుంది. దాని వెనక 10వ తారీకు రాత్రి ఆ పత్రిక ఎంత గుడ్డిగా ఉందో కనపడదు. ఫైలు చూస్తే ఆ పత్రికకి అన్నీ తెలుసేమో అనిపిస్తుంది.

నా జవాబు మొత్తం ఇందులోనే ఉంది. అచ్చయింది ఏమిటో ఫైలు చెప్తుంది. అచ్చు కానిది ఎందుకు కాలేదో, అచ్చయింది ఎవరి ఫోను వల్ల అయిందో, ఆ రాత్రి గదిలో ఎవరికి ఏం తెలుసో ఏం తెలీదో, అది ఫైల్లో ఉండదు, ఉండే వీల్లేదు. దానికి జ్ఞాపకాలు తప్ప వేరే దారి లేదు. డబ్బా ఉంటుంది, నిజమే. కానీ డబ్బా ఎక్కడ కొట్టుకుంటారో తెలిస్తే మిగతాది చదవడం కష్టం కాదు. రాసినవాడు తన గొప్ప చెప్పుకునే చోట ఫైలు తెరిచి చూడండి, తన తెలివితక్కువతనం చెప్పుకునే చోట నమ్మండి. ఇంకో సంగతి, కాగితం, సిరా, మెషీను, జీతం, ఆలస్యం, వీటి గురించి గొణిగే వాక్యాలు దాదాపు ఎప్పుడూ నిజాలే, వాటిమీద అబద్ధం చెప్పి బావుకునేది ఎవరికీ ఏమీ లేదు కాబట్టి.

దీనికి 1905 విప్లవ సంవత్సరం మంచి ఉదాహరణ. ట్రాట్‌స్కీ తన ఆత్మకథలో, పార్వుస్‌తో కలిసి 'రుస్కయా గజెతా' అనే చిన్న పత్రికని చేతిలోకి తీసుకున్నామని, కొద్ది రోజుల్లోనే సర్క్యులేషన్ 30 వేల నుంచి లక్షకి, నెల తిరిగేసరికి ఐదు లక్షలకి చేరిందని రాస్తాడు. ఐదు లక్షలంటే నాకు కొంచెం గొంతు దిగదు. కానీ వెంటనే, మా మెషీన్లు ఆ పెరుగుదలని అందుకోలేకపోయాయి అంటాడు చూడండి, అది డెస్కు మీద కూర్చున్న ఏ మనిషైనా గుర్తుపట్టే మాట. అదే సంవత్సరం మీద ఆయన రాసిన ఇంకో పుస్తకంలో మాస్కోలో సీతిన్ ప్రెస్సులో అచ్చు అక్షరాలు పేర్చే కంపోజిటర్ల సంగతుంది. సెప్టెంబరు 19న వాళ్ళు సమ్మెకి దిగారు, పనిగంటలు తగ్గించాలని, వెయ్యి అక్షరాలకిచ్చే కూలి పెంచాలని, ఆ లెక్కలో కామాలూ ఫుల్‌స్టాపులూ కూడా కలపాలని. కామాలతో మొదలైన సమ్మె చివరికి రష్యా అంతా పాకి నిరంకుశత్వాన్నే కుదిపేసిందని ట్రాట్‌స్కీ మురిసిపోతాడు. మురిపెం ఆయనది, కామాల గొడవ కంపోజిటర్లది. కామాకి కూడా చెయ్యి కేసులోకి వెళ్ళాలి, అచ్చు తియ్యాలి, కర్రలో పేర్చాలి, మరి దానికి కూలెందుకివ్వరు? హ్యాండ్ కంపోజింగ్ చివరి రోజులు చూసినవాణ్ణి కాబట్టి ఆ పేరా దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను.

ఆ ప్రెస్సు యజమాని ఇవాన్ సీతిన్ కూడా జ్ఞాపకాలు రాశాడు. 'రుస్కోయె స్లోవో' ఆయన పత్రికే, 1917 నాటికి పది లక్షల ప్రతులు దాటింది. 1905 డిసెంబరులో మాస్కో తిరుగుబాటప్పుడు ఆయన ప్రెస్సు తగలబడిపోయింది కూడా. ఆయన 1934లో పోయాడు, జ్ఞాపకాలు పుస్తకంగా వచ్చింది 1960లో, అంటే సోవియట్ సంపాదకుల చేతిమీదుగా. పల్లె నుంచి వచ్చి పుస్తకాన్ని పేదవాడి చేతిలో పెట్టిన మంచి మనిషి అక్కడ కనపడతాడు. కంపోజిటర్లకి కామాల కూలి ఎగ్గొట్టిన యజమాని అంతగా కనపడడు. ఇద్దరూ ఒక్కడే.

ఇక్కడో మాట చెప్పాలి, లేకపోతే మర్చిపోతాను. ఈ పుస్తకాలన్నీ రాసింది సంపాదకులూ రచయితలూ, ప్రెస్సు కార్మికులు కాదు. వాళ్ళు ఈ పుస్తకాల్లోకొచ్చేది పని ఆపినప్పుడే. 1905 అక్టోబరులో సెన్సారుకి ప్రూఫు పంపే పత్రికని అచ్చెయ్యకూడదని పీటర్స్‌బర్గ్ సోవియట్ తీర్మానిస్తే దాన్ని అమలు చేసింది కంపోజిటర్లే, అంటే రష్యాలో పత్రికా స్వాతంత్ర్యం కొన్ని వారాలపాటు ప్రెస్సు గదిలోంచి వచ్చింది. దీన్ని గుర్తుపెట్టుకోండి, 1991లో మళ్ళీ వస్తుంది.

అచ్చు కానిది అన్నాను కదా, దానికి నాకు తెలిసిన గొప్ప ఉదాహరణ సువోరిన్ డైరీ. అలెక్సేయ్ సువోరిన్ 1876లో 'నోవొయె వ్రెమ్యా' కొన్నాడు, దాన్ని రాజభక్తి పత్రికల్లో కెల్లా పెద్దదిగా చేశాడు, చేహోవ్ కథలకి చోటిచ్చింది కూడా ఈయనే. పత్రికలో జార్‌కి జై. డైరీలో వేరే మనిషి. 1880 ఫిబ్రవరి 20న, జార్ ప్రభుత్వంలో పెద్దమనిషి లోరిస్-మెలికోవ్ మీద హత్యాయత్నం జరిగిన రోజున, దొస్తొయెవ్‌స్కీ ఇంటికి వెళ్ళినప్పటి సంభాషణ ఒకటి రాసుకున్నాడు. దొస్తొయెవ్‌స్కీ అడుగుతాడు: మనిద్దరం దజియారో బొమ్మల దుకాణం అద్దం ముందు నిలబడి ఉన్నామనుకో, పక్కన ఎవరో, ఇంకో పది నిమిషాల్లో వింటర్ ప్యాలెస్ పేలిపోతుంది, బాంబు పెట్టేశాను అని చెప్పుకోవడం విన్నామనుకో, మనం వెళ్ళి హెచ్చరిస్తామా? పోలీసుల్ని పిలుస్తామా? నువ్వెళ్తావా? వెళ్ళను, అంటాడు సువోరిన్. నేనూ వెళ్ళను, అంటాడు దొస్తొయెవ్‌స్కీ. ఎందుకని? విప్లవకారులు చంపుతారని భయం కాదట. ఇన్ఫార్మరు అని ముద్ర పడుతుందేమోనని భయమట.

ఆ ఇద్దరూ రాచరికం వైపు మనుషులు. ఒకరు దేశంలో పెద్ద రాజభక్తి పత్రికకి యజమాని. వాళ్ళిద్దరికే జార్ ప్రాణం కాపాడ్డానికి కాళ్ళు కదలవు, లోకం ఏమనుకుంటుందో అని. ఆ రోజుల నోవొయె వ్రెమ్యా ఫైలు పేజీపేజీ చదివినా ఈ గాలి మీకు తగలదు. 1901లో తాల్‌స్తోయ్‌ని చర్చి వెలివేశాక అదే డైరీలో, మనకిద్దరు జార్లు, నికొలాయ్ ఒకడు, తాల్‌స్తోయ్ ఒకడు, మొదటివాడు రెండోవాణ్ణి ఏమీ చెయ్యలేడు, రెండోవాడు మాత్రం మొదటివాడి సింహాసనాన్ని ఊపుతున్నాడు అని రాసుకున్నాడు. ఊహించండి, మర్నాడు పొద్దున ఆయన పత్రికలో ఏం వచ్చుంటుందో.

అయితే జాగ్రత్త కూడా ఇక్కడే కావాలి. ఆ డైరీ మొదట అచ్చయింది 1923లో, బోల్షెవిక్ రాజ్యంలో, పాత రాజ్యం ఎంత కుళ్ళిపోయిందో దాని సొంత మనిషి నోటే వినండి అన్న ఉద్దేశంతో. సువోరిన్ చేతిరాత ఘోరం, చాలాచోట్ల తప్పుగా చదివారు, కొన్ని వదిలేశారు. రాతప్రతి నుంచి మళ్ళీ చదివి సరిచేసిన కూర్పు 1999లో గానీ రాలేదు. ఎవరు రాశారన్న దానితోపాటు ఎవరు, ఎప్పుడు, ఎందుకు అచ్చేశారన్నది కూడా ప్రతి పుస్తకానికీ చూడాలి. ముందుమాటలో పెద్దగా ఏమీ ఉండదు గానీ, టైటిల్ వెనక పేజీలో ఉన్న సంవత్సరం చాలా చెప్తుంది.

కొన్ని రోజులకైతే ఫైలే లేదు. 1917 ఫిబ్రవరి చివర పెట్రోగ్రాడ్‌లో సమ్మె వల్ల పత్రికలు ఆగిపోయాయి, సరిగ్గా జార్ పడిపోయే రోజుల్లో. 27 నుంచి విలేఖరులు ఒక కమిటీగా ఏర్పడి కరపత్రంలాంటి 'ఇజ్వేస్తియా' ఒకటి వేశారు, సోవియట్ వాళ్ళ ఇజ్వేస్తియా 28న మొదలైంది, అది ఇంకోటి, రెండిటినీ కలిపెయ్యకండి. ఆ రెండోదాన్ని అచ్చెయ్యడానికి 'కొపేయ్‌కా' అనే చవక పత్రిక ప్రెస్సుని ఎలా స్వాధీనం చేసుకున్నదీ బోల్షెవిక్ బోంచ్-బ్రుయేవిచ్ రాశాడు. అంతకుముందు 1916 నవంబరు 1న డ్యూమాలో, అంటే పార్లమెంటులో, ఉదారవాద నాయకుడు మిల్యుకోవ్, ఇది మూర్ఖత్వమా దేశద్రోహమా అని ప్రభుత్వాన్ని నిలదీసిన ఉపన్యాసం ఉంది కదా, సెన్సారు దాన్ని వెయ్యనివ్వలేదు, మర్నాడు పత్రికల్లో ఆ చోట తెల్ల ఖాళీలు. జనం టైపు ప్రతులు తీసి చేతులు మార్చుకున్నారని మిల్యుకోవ్ జ్ఞాపకాల్లో ఉంటుంది. ఫైలు తిరగేస్తే మీకు దొరికేది ఖాళీ మాత్రమే.

అక్టోబరులో బోల్షెవిక్కులు గద్దెనెక్కిన తర్వాత సంగతి అందరికీ తెలిసిందే కాబట్టి త్వరగా దాటేస్తాను. అక్టోబరు 27న, తమని ఎదిరించే పత్రికల్ని మూసెయ్యొచ్చని ఉత్తర్వు వచ్చింది, ఇది తాత్కాలికం, పరిస్థితులు మామూలవగానే ఎత్తేస్తాం అని అందులోనే ఉంది. మూసేసిన కొద్దీ పత్రికలు పేరు మార్చుకుని మళ్ళీ వచ్చాయి. 'ద్యేన్' అంటే పగలు, అది 'నోచ్' అంటే రాత్రిగా వచ్చింది, తర్వాత 'అర్ధరాత్రి', తర్వాత 'రాబోయే పగలు', ఒకసారి ఏకంగా 'కటిక రాత్రి వేళ'. ఆ పేర్లు పెట్టిన సబ్-ఎడిటరెవరో గానీ చెయ్యెత్తి దణ్ణం పెట్టాలి. గోర్కీ పత్రిక 1918 జూలై దాకా నెట్టుకొచ్చింది. సుఖానోవ్ తన ఏడు సంపుటాలు 1922-23లో అచ్చువేయించుకోగలిగాడు, 1931లో మెన్షెవిక్ (బోల్షెవిక్కుల ప్రత్యర్థి పక్షం) విచారణలో శిక్షపడింది, 1940లో కాల్చేశారు.

ఈ కాలానికి అందరూ చెప్పే పుస్తకం రచయిత బూనిన్ 'శాపగ్రస్త దినాలు'. చదవండి, భాష కత్తి. 1918 మాస్కో, 1919 ఒడెస్సా, రోజూ పత్రిక కోసం పరిగెత్తడం, చదివి వాంతి వచ్చినంత పనవడం, మళ్ళీ మర్నాడు పరిగెత్తడం. పత్రిక చదివేవాడి జబ్బు గురించి ఇంతకన్నా బాగా రాసినవాణ్ణి నేను చూడలేదు. కానీ దాన్ని డైరీగా నమ్మి తారీకులు పట్టుకుని కూర్చోకండి. పారిస్ వెళ్ళాక, 1920లలో, పత్రికలో సీరియల్‌గా వెయ్యడానికి ఆయన దాన్ని తిరగరాశాడు. పైగా 1919 శరదృతువులో బోల్షెవిక్ వ్యతిరేక తెల్లసైన్యం చేతిలో ఉన్న ఒడెస్సాలో ఆయనే ఒక పత్రికకి సంపాదకుడు. అంటే అవతలివాళ్ళ పత్రికల్ని తిడుతున్నవాడు మరో పక్షం పత్రిక కుర్చీలో కూర్చున్నవాడే.

1930లు దాదాపు చీకటి. రాయగలిగినవాళ్ళు పోయారు, మిగిలినవాళ్ళు కాగితం మీద పెట్టలేదు. యుద్ధంతో మళ్ళీ పుస్తకాలు మొదలవుతాయి, అందులో సైనిక పత్రిక 'క్రాస్నయా జ్వెజ్దా' సంపాదకుడు ఓర్తెన్‌బెర్గ్ జ్ఞాపకాలు నాకిష్టం. కవి సిమోనోవ్ ఆయన దగ్గర విలేఖరి. 'నాకోసం ఎదురుచూడు' కవిత తెచ్చిస్తే ఇది సైనిక పత్రికకి పనికిరాదని తిప్పేశాడు. 1942 జనవరి 14న అది పార్టీ పత్రిక ప్రావ్దాలో వచ్చింది, సైనికులు కత్తిరించి జేబుల్లో పెట్టుకున్నారు. ప్రతి డెస్కులోనూ ఇలా తిప్పి పంపిన ఐటం ఒకటుంటుంది, నా దగ్గరా ఉంది, చెప్పను. ఇక సిమోనోవ్ చేసిన పని ఈ మొత్తం సాహిత్యంలోనే నిజాయితీ గలది: యుద్ధకాలపు నోట్సు ఉన్నది ఉన్నట్టు పెట్టి, ముప్పై ఏళ్ళ తర్వాత సైనిక దస్తావేజులు వెతికి, ఇక్కడ నేను పొరపడ్డాను, ఈ మనిషి ఆ తర్వాత ఏమయ్యాడంటే అని పక్కనే వ్యాఖ్య రాశాడు. మొదటిభాగాన్ని 1960ల చివర్లో సెన్సారు ఆపేసింది, ఆశ్చర్యమేముంది.

ఇప్పుడు అసలు విందు. ఒకే గది గురించి నలుగురు రాస్తే ఎలా ఉంటుందో చూడాలంటే 'నోవీ మీర్' మాసపత్రిక. త్వర్దోవ్‌స్కీ సంపాదకుడు, రెండోసారి 1958 నుంచి 1970 దాకా. 1962 నవంబరు సంచికలో సోల్జెనీత్సిన్ రాసిన, స్టాలిన్ నాటి ఖైదీల శిబిరం కథ వచ్చింది ఈ పత్రికలోనే, క్రుశ్చోవ్ స్వయంగా సరేనన్నాక. ఆ రాతప్రతిని మామూలు దారిలో పైకి పంపితే మధ్యలోనే చచ్చిపోతుందని, వచనం చూసే అన్నా బేర్జెర్ అనే ఆవిడ తిన్నగా త్వర్దోవ్‌స్కీ చేతిలో పెట్టింది, ఇది ఒక రైతు కళ్ళతో చూసిన శిబిరం అని ఒక్క ముక్క చెప్పి. ఆయన రైతుబిడ్డ, ఆ ఒక్క ముక్క చాలు. ఇది సోల్జెనీత్సిన్ 1975లో పారిస్‌లో వేసిన జ్ఞాపకాల్లో ఉంది. సంపాదకుడి చేత కాపీ ఎలా చదివించాలో తెలిసిన డెస్కు మనిషి ఎంత పని చెయ్యగలదో చెప్పడానికి ఇంతకన్నా ఏం కావాలి?

కానీ అదే పుస్తకంలో త్వర్దోవ్‌స్కీ తాగుబోతు, బలహీనుడు, చుట్టూ ఉన్నవాళ్ళు పిరికివాళ్ళు. సంపాదకవర్గంలో ఉన్న లాక్షిన్‌కి ఒళ్ళు మండి, నిన్ను నిలబెట్టినవాళ్ళని ఇలా అంటావా అని పెద్ద జవాబు రాశాడు, తర్వాత తన డైరీ కూడా వేశాడు. సహాయ సంపాదకుడు కొంద్రతోవిచ్ 1967-70 డైరీ ఆయన పోయాక 1991లో వచ్చింది. త్వర్దోవ్‌స్కీ నోటుపుస్తకాలు ఇంకా ఆలస్యంగా, 2000 తర్వాత. ఒకే గది, ఒకే బల్ల, నాలుగు కథలు. 1968 ఆగస్టులో చెకోస్లొవేకియాలోకి ట్యాంకులు వెళ్ళినప్పుడు పత్రిక సిబ్బంది సమావేశం పెట్టి సమర్థించింది, త్వర్దోవ్‌స్కీ అక్కడ లేడు, రచయితల ఉత్తరం మీద సంతకం చెయ్యనన్నాడు. సోల్జెనీత్సిన్‌కి అది లొంగుబాటు. లోపలున్నవాళ్ళకి అది వచ్చేనెల సంచిక బతకడానికి కట్టిన పన్ను. నాకు చాలా ఏళ్ళు సోల్జెనీత్సిన్ మాటే సబబుగా అనిపించింది. వయసొచ్చాక, మర్నాడు ఆఫీసుకొచ్చి పేజీలు పెట్టాల్సినవాళ్ళ మాట కూడా వినపడుతోంది. ఎవరు రైటో నేను తేల్చలేను, మీరు చదివి తేల్చుకోండి.

ఈ నలుగురిలో మీ ప్రశ్నకి బాగా పనికొచ్చేవాడు అందరికన్నా తక్కువ పేరున్న కొంద్రతోవిచ్. సెన్సారు ఆఫీసుతో ఫోన్లు, పేజీలు వెనక్కి రావడం, ఒక పేరా తీసి ఇంకో పేరా కాపాడుకోవడం, ప్రెస్సు టైము దాటిపోవడం, రోజూ ఇదే. రచయితకి సెన్సారు ఎవరో తెలీకూడదు, మాట్లాడేది సంపాదకులే. దీన్ని మీరే సరిచూసుకునే దారి ఒకటుంది. సోవియట్ పత్రిక ఏ సంచికకైనా చివరి పేజీలో సన్నటి అక్షరాల్లో రెండు తారీకులుంటాయి, కంపోజింగ్‌కి ఇచ్చింది ఎప్పుడు, అచ్చుకి సంతకమైంది ఎప్పుడు అని. ఆ రెండిటి మధ్య దూరం పెరిగిందంటే సంచిక సెన్సారు దగ్గర నలిగిందని చాలాసార్లు అర్థం. ఆ తారీకులు పట్టుకుని కొంద్రతోవిచ్ డైరీలో అదే నెల తెరవండి. జ్ఞాపకం, ఫైలు రెండూ ఒకదానికొకటి సాక్ష్యం చెప్తాయి. ఇలా చదివిన మొదటిసారి నాకు రాత్రి రెండైంది, నిద్ర రాలేదు.

గోర్బచోవ్ సంస్కరణల కాలానికి, పెరెస్త్రోయికాకి, వస్తే ఒక్క వ్యాసం చాలు. 1988 మార్చి 13, ఆదివారం, 'సోవియెత్స్‌కయా రస్సీయా'లో నీనా ఆంద్రేయెవా అనే లెనిన్‌గ్రాడ్ కెమిస్ట్రీ లెక్చరరు ఉత్తరం పేజీ నిండా వచ్చింది, నా సూత్రాల్ని నేను వదులుకోలేను అని. స్టాలిన్‌ని మరీ తిట్టేస్తున్నారని బాధ. గోర్బచోవ్ మర్నాడు యుగోస్లావియా వెళ్ళాడు, సంస్కరణల వైపున్న నాయకుడు యకోవ్లెవ్ మంగోలియాలో ఉన్నాడు. 14న, పార్టీలో గోర్బచోవ్ తర్వాత రెండోవాడైన లిగచోవ్ పత్రికల పెద్దల్ని పిలిచి మాట్లాడాడు. తర్వాత ఊరూరా పత్రికలు ఆ ఉత్తరాన్ని తిరిగి వేశాయి. ఏప్రిల్ 5న ప్రావ్దాలో సంతకం లేని జవాబు వచ్చేదాకా, మూడు వారాలు, దేశంలో ఎదురు మాట దాదాపు లేదు.

ఫైల్లో ఇది ఒక ఉత్తరం, ఒక జవాబు. మధ్యలో ఏమీ లేదు. ఆ మధ్యలోదే అసలు కథ. లిగచోవ్ జ్ఞాపకాల్లో, నాకే సంబంధం లేదు, అందరిలాగే అచ్చులో చూశాను అంటాడు. గోర్బచోవ్, యకోవ్లెవ్ ఆ మాట నమ్మరు. గోర్బచోవ్ సహాయకుడు చెర్న్యాయెవ్ ఏ రోజుకారోజు రాసుకున్నదాంట్లో పాలిట్‌బ్యూరో సభ్యులు ముందు ఆ వ్యాసాన్ని మెచ్చుకోవడం, గోర్బచోవ్ ముఖం చూశాక మాట మార్చడం ఉంటుంది. మార్చి చివరి వారంలో రెండు రోజులు దీనిమీదే చర్చ. గ్లాస్నోస్త్, అంటే పత్రికలకిచ్చిన స్వేచ్ఛ, వచ్చి రెండేళ్ళయినా పైనుంచి సైగ ఏమిటో తెలిసేదాకా సంపాదకుల కలం లేవలేదన్నమాట. నన్నడిగితే గ్లాస్నోస్త్ మీద వచ్చిన లావుపాటి పుస్తకాలన్నిటికంటే ఈ మూడు వారాల మౌనాన్ని నలుగురి జ్ఞాపకాల్లో పక్కపక్కన పెట్టుకుని చదవడం మేలు. రెండేళ్ళు తిరిగేసరికి 1990లో 'అర్గుమెంతీ ఇ ఫాక్తీ' వారపత్రిక మూడు కోట్ల ముప్పై లక్షల ప్రతులు అమ్మింది, అదీ ఇదీ ఒకే దేశమంటే నమ్మబుద్ధి కాదు.

ప్రెస్సు గది మళ్ళీ వస్తుందన్నాను కదా. 1991 ఆగస్టు 19న గోర్బచోవ్‌ని దించాలని చూసిన కుట్రదారులు తొమ్మిది పత్రికలు తప్ప మాస్కోలో మిగతావన్నీ ఆపేశారు. అనుమతించిన వాటిలో ఇజ్వేస్తియా ఉంది. వాళ్ళని ఎదిరించిన రష్యా అధ్యక్షుడు యెల్త్సిన్ విజ్ఞప్తి పేజీలో ఉంది, సంపాదకుడు తీసెయ్యమన్నాడు, కార్మికులు అది లేకుండా మెషీను నడపం అన్నారు. గంటలు గడిచాయి. చివరికి పత్రిక మర్నాడు వచ్చింది, ఒకటో పేజీలో కుట్రదారుల ప్రకటనలు, రెండో పేజీలో యెల్త్సిన్. 1905లో కామాల కోసం నిలబడ్డవాళ్ళ వారసులు. వాళ్ళలో ఒక్కరైనా పుస్తకం రాసుంటే బావుండేది.

2000 తర్వాతవి మీకు సులభంగా దొరుకుతాయి కాబట్టి పేర్లు చెప్పి వదిలేస్తాను. క్రెమ్లిన్ విలేఖరుల బృందం లోపల ఎలా ఉంటుందో త్రెగుబోవా 2003లో రాసింది, చురుకైన పుస్తకం, తనని తాను కథానాయికగా చూసుకునే పుస్తకం కూడా, నేను పైన చెప్పిన కొలత అక్కడ బాగా వాడాలి. దాని గురించి టీవీలో రావాల్సిన అంశాన్ని ఆఖరి నిమిషంలో ఆపేశారు, ఆ ఆపడమే పుస్తకానికి సాక్ష్యం. పొలిత్‌కోవ్‌స్కయా రష్యన్ డైరీ ఆమె హత్య తర్వాత 2007లో వచ్చింది. ఆమె పనిచేసిన 'నోవయా గజెతా' 2022 మార్చి 28న అచ్చు ఆపేసింది, అక్కడే పదిహేడేళ్ళు పనిచేసిన కొస్త్యుచెంకో పుస్తకం 2023లో వచ్చింది, దేశం బయట. ఇప్పటి పుస్తకాలతో ఒక చిక్కు ఏమిటంటే రాసేది బయటికెళ్ళినవాళ్ళే. లోపల ఉండి రోజూ పేజీ పెడుతున్నవాళ్ళ కొంద్రతోవిచ్ డైరీ ఎవరి సొరుగులో ఉందో, అది వచ్చేదాకా సగం కథే.

ఎక్కడ మొదలుపెట్టాలంటే, సుఖానోవ్ ఇంగ్లీషు సంక్షిప్తం 1955లో వచ్చింది, లైబ్రరీల్లో దొరుకుతుంది, సోల్జెనీత్సిన్‌దీ చెర్న్యాయెవ్‌దీ ఇంగ్లీషులో ఉన్నాయి. కొంద్రతోవిచ్ కోసం మాత్రం రష్యన్ కావాలి. మొత్తం పుస్తకాలు వరసగా చదవకండి, విసుగొచ్చి మానేస్తారు. ఒక వారం ఎంచుకోండి, 1917 అక్టోబరు 10 నుంచి 18 దాకానో, 1988 మార్చి 13 నుంచి ఏప్రిల్ 5 దాకానో, ఆ రోజులకి ఎవరెవరు ఏం రాశారో అంతవరకే చదవండి.

ఇక తాతగారి సోవియట్ భూమి. మా తరం వాటి నున్నటి కాగితంతో స్కూలు పుస్తకాలకి అట్టలు వేసుకున్నది, అందుకే మిగిలినవి తక్కువ. అమ్మకండి. ముఖ్యంగా 1985 తర్వాత సంచికలుంటే వరసగా పేర్చి, స్టాలిన్ పేరు మొదటిసారి ఏ నెలలో ఎలా వచ్చిందో, 1988 వసంతంలో ఏమొచ్చిందో, ఏమి రాలేదో చూడండి. అది మాస్కో తన గురించి తెలుగువాళ్ళకి ఏం చెప్పాలనుకుందో చూపించే ఫైలు. దొరికితే ఆ సంచికల ఫోటోలు ఇక్కడ పెట్టండి, ఆ నెల చెర్న్యాయెవ్ ఏం రాసుకున్నాడో నేను చూసి చెప్తాను.